పైలట్ కొండెక్కింది

శుక్రవారం ఉదయానికి అమృతవల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. తలంటి పోసుకోవాలి, గుమ్మం ముందు పద్మం ముగ్గు వెయ్యాలి, జడలో మల్లెలు తురుముకోవాలి, బ్యాంకు చైర్మన్ గారికి రెండు బకెట్ల వేణ్ణీళ్ళు ఇవ్వాలి. మొదటి మూడూ కాఫీ వేళకే అయిపోయాయి. ముగ్గులో ఒక రేకు వంకర పోయింది కానీ, పెళ్ళయి రెండు నెలలే అయిన ఇంట్లో వంకర రేకు కూడా అందంగానే కనిపిస్తుంది. ఇక మిగిలింది నాలుగోది.

చైర్మనంతటివాడు గుమాస్తా ఇంట్లో నీళ్ళు పోసుకోవడమేమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. దానికి కారణం స్నానాల గది గోడకు తగిలించిన ఒక తెల్లటి పెట్టె. అది గ్యాసు బాయిలరు. పెళ్ళికి చుట్టాలందరూ స్టీలు బిందెలూ గోడ గడియారాలూ తెస్తే, అమృతవల్లి మేనమామ మాత్రం మద్రాసు నుంచి ఈ పెట్టెను లారీలో వేయించుకొచ్చాడు. గ్యాసు బండ నుంచి ఒక గొట్టం దానిలోకి పోతుంది. దానిలోంచి ఒక కొళాయి స్నానాల గదికి, ఇంకొకటి వంటింటికి. తిప్పితే వేణ్ణీళ్ళు, కట్టేస్తే మంట దానంతటదే తగ్గిపోతుంది. వీధిలో మిగతా ఇళ్ళన్నీ ఇంకా రాగి అండా కింద చెనక్కాయ పొట్టు రాజేసి, కళ్ళు తుడుచుకుంటూ ఊదుకుంటున్న రోజులవి. అమృతవల్లి ఆ కొళాయి కింద ఊరికే చెయ్యి పెట్టి, వెచ్చగా తగిలినప్పుడల్లా నవ్వుకునేది. భౌతికశాస్త్రంలో డిగ్రీ తీసుకున్నప్పుడు కూడా ఆమెకు అంత సంతోషం కలగలేదు.

బాయిలరును మొదటిసారి వెలిగించిన రోజున అత్తగారు రంగనాయకమ్మ పసుపు రాసి, పెట్టెకు తిరునామం దిద్ది, కొబ్బరికాయ కొట్టింది. కర్పూరం కూడా వెలిగించబోతే, బిగించడానికి వచ్చిన మెకానిక్ ఆదిమూలం అడ్డం పడ్డాడు.

"కర్పూరం ఎడంగా పెట్టుకో తల్లీ, గ్యాసు ఉండాది. ఇదో, ఈ సందులో సిన్న మంట సూడండి. దీన్ని పైలట్టంటారు. ఇది ఎప్పుడూ ఎలగతానే ఉండాల. మీరు కొళాయి తిప్పితే ఇదే పెద్ద మంటను లేపుతాది."

"పైలట్టంటే విమానం తోలేవాడు కదా నాయనా?" అంది రంగనాయకమ్మ.

"ఆడ విమానానికి, ఈడ నీళ్ళకు."

"అఖండదీపమని చెప్పరాదూ, సులభంగా అర్థమవుతుంది!"

"అట్నే అనుకోండి. ఈ కిటికీ మాత్రం ఎప్పుడూ మూయొద్దు. గ్యాసు మంటకు గాలి ఆడాల, లేకుంటే మనిషికి మంచిది కాదు. ఒకవేళ పైలట్టు ఆరిపోయిందనుకో..."

"ఛీ ఛీ! కొత్త దంపతులున్న ఇంట్లో ఏం మాటయ్యా అది? కొండెక్కింది అనాల."

"సరేమ్మా, కొండెక్కిందనుకో. ఒకరు కింద ఈ బటను నొక్కిపట్టుకోవాల. ఇంకొకరు పైసందులో అగ్గిపుల్ల చూపించాల. అంటుకోంగానే బటను ఇడిసిపెట్టకూడదు. లోపల కమ్మీ వేడెక్కిందాకా, ఒక పాట పాడేంత సేపు అట్నే పట్టుకోవాల."

"పాటెందుకు, పాశురం చదువుతాను" అంది రంగనాయకమ్మ. అక్కడితో బాయిలరు ఆ ఇంటి దేవుళ్ళలో చేరిపోయింది.

అమృతవల్లి భర్త వేంకటాచలపతి. అతనికి కొత్త పెళ్ళాం గురించి బ్యాంకులో చెప్పుకోవడానికి సిగ్గు. అందుకని బాయిలరు గురించి చెప్పుకునేవాడు. అది మేనేజరు శఠగోపం గారి చెవిన పడింది. ఆయనకు ఊళ్ళో ఎవరికీ లేనంత ఒత్తైన ఉంగరాల జుట్టు, దాన్ని దువ్వుకోవడానికి మూడు రకాల దువ్వెనలు ఉండేవి. ఆ దువ్వెనల పక్కనే, అదే సొరుగులో, చలపతిని సూళ్లూరుపేటకు బదిలీ చేస్తూ వచ్చిన కాగితం కూడా ఉంది.

"చైర్మన్ గారికి చన్నీళ్ళు పడవయ్యా చలపతీ. హోటళ్ళలో అడిగితే నీళ్ళొచ్చేలోగా ఆవిరి అయిపోతాది. శుక్రవారం విమానం దిగంగానే నేరుగా మీ ఇంటికి తెస్తాను. తృప్తిగా స్నానం చేసి, ఆ తరవాత దర్శనానికి కొండకు. ఆయన మనసు చల్లబడిందంటే నీ సూళ్లూరుపేట సంగతి నేను కదిలిస్తాను. నీళ్ళు మాత్రం చల్లబడకూడదు."

అందుకే అమృతవల్లికి ఆ రెండు బకెట్లూ అంత ముఖ్యం. సూళ్లూరుపేటలో దొరికే ఇల్లు ఒకే గదిట. గ్యాసు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరట. బాయిలరును ఊడదీస్తే గోడలో చిల్లులు మిగులుతాయి, సాయంత్రం బ్యాంకు నుంచి రాగానే "అమృతా, నీళ్ళు" అని అరిచే మనిషికి మళ్ళీ అండా, పొగ. ఆ తలపు రాగానే ఆమె చైర్మన్ గారి కోసం తీసిపెట్టిన కొత్త సేలం తువ్వాలును ఇంకోసారి మడతపెట్టింది.

మడతపెట్టి, ఒకసారి చూసుకుందామని స్నానాల గదిలోకి వెళ్ళింది. కొళాయి తిప్పింది. చన్నీళ్ళు వచ్చాయి. తొంగి చూస్తే పెట్టె సందులో నీలం మంట లేదు. మూయకూడదన్న కిటికీలోంచి కొండగాలి హాయిగా వీస్తోంది.

అమృతవల్లి పీట ఎక్కింది. ఒక చేత్తో బటను నొక్కి, రెండో చేత్తో అగ్గిపుల్ల గీయబోయింది. గీయడానికి రెండు చేతులు కావాలి. రంగనాయకమ్మ గీసి ఇచ్చింది. బటను లోపల స్ప్రింగు మొండిది. పాశురం మొదటి పాదం అవ్వకముందే అమృతవల్లి బొటనవేలు పట్టు సడలింది, మంట మాయమైంది. ఇలా అగ్గిపెట్టె సగం అయిపోయింది.

"అత్తయ్యా, ఆదిమూలాన్ని పిలిపించాల్సిందే. బ్యాంకుకు ఫోన్ చేస్తే ఆయనే పంపిస్తారు."

ఫోను పక్కింటి కాఫీపొడి దుకాణంలో ఉంది. అత్తాకోడళ్ళిద్దరూ పరుగు తీశారు. అక్కడ మర ఆడుతోంది. గింజల వాసన కమ్మగా ఉంది కానీ, చప్పుడు మాత్రం రైలింజను పక్కన నిలబడినట్టు ఉంది. అవతల ఫోనెత్తింది బ్యాంకు ప్యూను మునెయ్య.

"బ్యాంకే. ఎవురమ్మా మాట్లాడేది?"

"మా వారు అక్కడే పని చేస్తారండీ!"

"ఈడ శానామంది పని చేస్తారు తల్లీ. మీ ఆయన పేరేంది?"

అమృతవల్లి పక్కకు చూసింది. అత్తగారు ముక్కుపుడక మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది. డిగ్రీ ఉన్నా లేకపోయినా, అత్తగారి ఎదుట భర్త పేరు నోటితో చెప్పడం ఎలా?

"అదే... ఏడుకొండలవాడి పేరు!"

మర గర్రుమంది.

"ఏడుకొండలవాడా? గట్టిగా చెప్పమ్మా!"

"పైలట్ ఆరి..." అనేసరికి రంగనాయకమ్మ అరచెయ్యి వచ్చి కోడలి నోటికి అడ్డం పడింది.

"శుక్రవారం పూట అదేం మాట అమ్మాయ్!"

"పైలట్ కొండెక్కింది!" అని సవరించుకుని అరిచింది అమృతవల్లి. "చైర్మన్ గారు స్నానానికి వచ్చేలోగా ఆదిమూలం కావాలి! తొందరగా!"

ఇద్దరూ ఇంటికి తిరిగి వచ్చారు. పని అయిపోయినట్టే అనుకున్నారు.

బ్యాంకులో ఏమైందో అమృతవల్లికి మధ్యాహ్నం దాకా తెలియదు. మనకు ఇప్పుడే తెలిస్తే తప్పులేదు. మర చప్పుడులో మునెయ్య చెవికి చేరినవి నాలుగు ముక్కలు: ఏడుకొండలవాడు, పైలట్ కొండెక్కింది, చైర్మన్ గారు, ఆదిమూలం తొందరగా కావాలి. చేరని ముక్క ఒక్కటే, స్నానం.

ఆ రోజు ఇంకొక పైలట్ కూడా ఉంది. చైర్మన్ గారి కారుకు ముందు పరుగెత్తడానికి మేనేజరు గారు ఒక జీపును అద్దెకు తీసుకుని, దానికి ఎర్రజెండా కట్టించి, పైలట్ జీపు అని పేరు పెట్టి, తెల్లవారకముందే రేణిగుంట విమానాశ్రయానికి పంపించి ఉన్నారు. ఆ వెనక కారూ, నాదస్వరం మేళంతో వ్యానూ బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నాయి. శఠగోపం గారు ఆఖరి దువ్వెన ఆడిస్తున్నారు.

"సార్, కొంప మునిగింది" అంటూ వచ్చాడు మునెయ్య. "కొండ మింద నించి ఎవురో ఆడమనిషి ఫోను. పైలట్టు కొండెక్కిందంట. చైర్మన్ గారికి తొందరగా ఆదిమూలం కావాలంట."

"ఆదిమూలమా? అదేం పదార్థం?"

"పదార్థం కాద్సార్, సామి. ఆదిమూలమంటే మన పెరుమాళ్ళే గదా."

దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. "అంటే విమానం ముందే దిగేసిందా! మనకోసం చూసి చూసి, నేరుగా దర్శనానికే పోయినాడా! చలపతి ఏడీ?"

చలపతి గజమాల తీసుకుని అప్పుడే పూల అంగడి నుంచి వస్తున్నాడు. అతన్ని మాలతో సహా వ్యానులోకి లాగారు. "ఏమైంది సార్?" అంటే "చైర్మన్ కొండెక్కినాడు, ఎక్కు!" అన్నారు తప్ప ఇంకో మాట చెప్పేవాళ్ళు లేరు. కారూ, వ్యానూ రేణిగుంట వైపు తిప్పిన ముఖాలను కొండవైపు తిప్పుకున్నాయి.

ఆ విమానం పుట్టిన తరవాత ఎన్నడూ ముందు దిగిన పాపాన పోలేదు. ఆ రోజూ తన అలవాటు తప్పలేదు. అది దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. చైర్మన్ గారు తోలుసంచి పట్టుకుని బయటికి వచ్చి చూస్తే, పూలమాల లేదు, కారు లేదు. ఎర్రజెండా కట్టిన ఒక జీపు, దానికి ఆనుకుని ఒక డ్రైవరు.

"మా బ్యాంకు జీపేనా బాబూ? పద" అన్నారు చైర్మన్ గారు.

"మీదే సార్. కానీ నన్ను మీకు ముందు పొమ్మన్నారు, ఎక్కించుకోమన్లేదు. మీరు ఏ బండైనా ఎక్కండి, నేను ముందు పోతా ఉంటాను."

జీవితమంతా బ్యాంకులో ఇలాంటి జవాబులే చెప్పి పైకొచ్చిన మనిషి కాబట్టి చైర్మన్ గారు ఆ జవాబును లోలోపల మెచ్చుకున్నారు. మేనేజరు ఉత్తరంలో రాసిన బాయిలరు ఇంటి వీధి పేరు చెప్పి ఆటో ఎక్కారు. ఎర్రజెండా జీపు హారను కొట్టుకుంటూ ముందు, ఆటో దడదడలాడుతూ వెనక. రైలు గేటు దగ్గర జీపు దాటింది, గేటు పడింది. గేటు తెరిచాక ఆటో కదలనంది. చైర్మన్ గారు చొక్కా చేతులు మడిచి, డ్రైవరుతో పాటు దిగి తోశారు.

జీపు మాత్రం వెనక్కి చూడకుండా బ్యాంకుకు చేరింది. మునెయ్య దాన్ని చూసి గుండెలు బాదుకున్నాడు. "నువ్వు ఈడున్నావేందప్పా? నువ్వు కొండెక్కి శానా సేపయింది గదా!" డ్రైవరు మాట వినే మనిషి. తాను కొండ మీద ఉండాలని తెలిసిన వెంటనే అలిపిరి దాటి కొండెక్కాడు. ఆ విధంగా, కాస్త ఆలస్యంగానైనా, అమృతవల్లి చెప్పిన మాట అక్షరాలా నిజమైంది.

ఇక్కడ అమృతవల్లి గుమ్మంలో నిలబడి వీధి మొదలు వైపు చూస్తోంది. చైర్మన్ ముందు వస్తాడా, ఆదిమూలం ముందు వస్తాడా? కాఫీ గింజల వాసన మీదుగా ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి చెమటతో తడిసిన చొక్కా, చేతుల నిండా నల్లటి జిడ్డు, ఒక తోలుసంచి, వాటితో పాటు అరవై ఏళ్ళ మనిషి ఒకాయన దిగారు.

"గ్యాసు బాయిలరు ఉన్న ఇల్లు ఇదేనా అమ్మా?"

అమృతవల్లి ప్రాణం లేచి వచ్చింది. "వచ్చినారా! ఇంతసేపా? ఆదిమూలం రాలేదేం?"

"నాతో ఎవరూ రాలేదమ్మా. ఒక్కణ్ణే వచ్చాను."

"పోనీలెండి, ఎవరొస్తేనేం. రండి రండి, స్నానాల గది ఇటు."

తాను ఎందుకు వచ్చాడో తెలిసిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కరైనా ఉన్నందుకు చైర్మన్ గారు సంతోషించి, చెప్పులు విడిచి వెనకే నడిచారు.

"సామాన్లన్నీ తెచ్చుకున్నారా?" అంది ఆమె సంచి వైపు చూసి.

"తువ్వాలూ, సబ్బూ ఉన్నాయి."

ఆదిమూలం పంపే మనుషులు శుభ్రత కలవాళ్ళని అమృతవల్లి మెచ్చుకుంది. "మంచిది. పని అయ్యాక చేతులు కడుక్కుందురు గాని. ఇదిగో, ఇదే. పైలట్ కొండెక్కింది."

"ఏ కొండ?"

"అదే, మంట పోయింది. మీరు ఈ బటను నొక్కిపట్టుకోండి. నేను పుల్ల చూపిస్తాను. అత్తయ్యా, చేట!"

చైర్మన్ గారు ఏదో చెప్పబోయారు. అప్పటికే అమృతవల్లి పీట ఎక్కింది. రంగనాయకమ్మ చేట తెచ్చి కిటికీ గాలికి అడ్డం పట్టుకుని, గొంతు సవరించుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు తన బొటనవేలి వైపు అంత ఆశగా చూస్తుంటే కాదనడం ఆయనకు చేతకాలేదు. వంగి, బటను నొక్కారు.

"గట్టిగా నొక్కు అబ్బాయ్, నలిగిపోదు" అంది రంగనాయకమ్మ. చైర్మన్ గారిని అబ్బాయ్ అని పిలిచి ఎంతకాలమైందో, ఆయన ముఖం ఒక్కసారి వికసించింది.

పుల్ల గీసింది. మంట అంటుకుంది. చేట పక్కగా గాలి దూరింది. మంట మళ్ళీ కొండెక్కింది.

"తొందరగా కానివ్వండి, చైర్మన్ గారు వచ్చేస్తారు" అంది అమృతవల్లి ఇంకో పుల్ల తీస్తూ.

"వస్తే ఏమవుతుందమ్మా?"

"వేణ్ణీళ్ళుంటే మేము తిరుపతిలో ఉంటాము. లేకపోతే సూళ్లూరుపేట."

"నీళ్ళకూ బదిలీకీ సంబంధం ఏమిటి?"

"ఏమో, బ్యాంకు వాళ్ళ లెక్కలు. పైన కూర్చుని ఆయన సంతకం పెట్టేస్తారు. ఈ పెట్టెను ఊడదీస్తే గోడకు ఎన్ని చిల్లులు పడతాయో ఆయనకేం తెలుసు? పెళ్ళయి రెండు నెలలే. కొళాయి పాలిషు కూడా పోలేదు."

చైర్మన్ గారు పెట్టెను గోడకు బిగించిన మరలు లెక్కపెట్టారు. "ఆయన అంత మంచివాడు కాదేమో" అన్నారు చివరికి, గోడతో చెబుతున్నట్టు.

"అయ్యో, అలా అనకండి. మంచివాడే అయ్యుంటారు. చన్నీళ్ళు పడనివాళ్ళు సున్నితంగా ఉంటారు."

రెండోసారి మంట నిలబడింది. రంగనాయకమ్మ పాశురం ఎత్తుకుంది. సగం దాకా వచ్చి, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. పాశురం అయిపోయిందనుకుని చైర్మన్ గారు వేలు తీసేశారు.

"అయ్యో! ఇంకా రెండు పాదాలుండాయి!"

"నేను వైష్ణవుణ్ణి కాదమ్మా, ఎక్కడ అవుతుందో నాకు తెలియదు."

"తెలియకుంటే నా ముఖం చూస్తా ఉండు. నేను కళ్ళు తెరిస్తే అయినట్టు."

మూడోసారి చైర్మన్ గారు బటను మీద రెండు బొటనవేళ్ళూ ఒకదానిమీద ఒకటి పెట్టి, రంగనాయకమ్మ కనురెప్పల మీద చూపు నిలిపారు. పాశురం అంత పొడవుగా ఉంటుందని ఆయనకు అంతవరకు తెలియదు. ఆవిడ కళ్ళు తెరిచింది. ఆయన వేళ్ళు తీశారు. సందులో చిన్న నీలం మంట మొగ్గలా నిలబడింది.

అమృతవల్లి కొళాయి తిప్పింది. లోపల భగ్గుమని పెద్ద మంట లేచింది. నీళ్ళు మొదట చల్లగా, తరవాత గోరువెచ్చగా, తరవాత పొగలు కక్కుతూ వచ్చాయి. ఆమె పీట మీదే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. రంగనాయకమ్మ చేటతో దండం పెట్టింది. చైర్మన్ గారికి కూడా తాను ఇప్పటిదాకా ప్రారంభించిన శాఖలన్నిటికంటే ఇదే గొప్పగా అనిపించింది.

"అమ్మా, మరి నేను స్నానం చెయ్యొచ్చా?" అని అడిగారు.

అమృతవల్లి చప్పట్లు ఆగిపోయాయి. మెకానిక్కులు కాఫీ అడుగుతారు, బస్సు చార్జీ అడుగుతారు. స్నానం అడిగే మెకానిక్కును ఆమె వినలేదు. అత్తగారిని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఏం చేద్దాం అత్తయ్యా?"

"చెయ్యనీ పాపం, చెమటలు కక్కినాడు. పెద్దాయన వచ్చేలోగా పరీక్ష చేసినట్టు కూడా ఉంటాది."

అమృతవల్లి సేలం తువ్వాలును లోపల దాచి, ఆరేసి ఉన్న చలపతి పాత లుంగీ ఒకటి తెచ్చి ఇచ్చింది. "తొందరగా పోసుకోండి. చైర్మన్ గారికి నీళ్ళు మిగలాలి." తలుపు మూసుకుంది. లోపలినుంచి మొదట "ఆహా" అనీ, తరవాత రాగం లాంటిదీ వినిపించాయి. అంతలో రంగనాయకమ్మ వంటింటి కొళాయి తిప్పింది. రెండు కొళాయిలూ ఒకేసారి తిప్పితే సరిపోయేంత వేడి ఆ పెట్టెలో లేదు. రాగం హఠాత్తుగా పైస్థాయికి వెళ్ళి కేకగా మారింది.

"చన్నీళ్ళమ్మా! చన్నీళ్ళు!"

"అత్తయ్యా, కట్టెయ్యండి! ఈయనకు కూడా పడవు కాబోలు."

కొండ మీద ఏం జరిగిందంటే, మొదట ఏమీ జరగలేదు. చైర్మన్ లేడు. ఎంత వెతికినా లేడు. క్యూలో లేడు, సత్రాల్లో లేడు. శఠగోపం గారు గోపురం వైపు తిరిగి చేతులు జోడించారు. "స్వామీ, చైర్మన్ కనబడితే నా తలనీలాలు ఇచ్చుకుంటాను" అన్నారు గట్టిగా. అనేసిన తరవాత, మొక్కును ముందే తీరిస్తే పని తొందరగా అవుతుందేమోనని బ్యాంకు మనిషిలా ఆలోచించి, బయానాగా మొత్తం ఇచ్చేశారు. ఆయన నున్నటి తలకు చందనం రాసుకుని వస్తుండగా, మలుపులో ఎర్రజెండా జీపు కనబడింది.

"వచ్చినారు! వాయించండి!"

మేళం ఉప్పొంగింది. చలపతి గజమాల ఎత్తి పట్టుకున్నాడు. పూర్ణకుంభం ముందుకు కదిలింది. జీపులోంచి డ్రైవరు ఒక్కడే దిగి, మాలకు మెడ వంచి, "చైర్మన్ గారేరీ సార్? నా ఎనకాల ఆటోలో వస్తాండె" అన్నాడు.

అప్పుడు చలపతి మొదటిసారి అడగవలసిన ప్రశ్న అడిగాడు. "అసలు కొండెక్కినారని ఎవరు చెప్పినారు సార్?" బ్యాంకుకు ఫోను చేశారు. మునెయ్య తాను విన్న నాలుగు ముక్కలూ ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాడు. పైలట్టు అనగానే చలపతి ముఖం పాలిపోయింది. ఆదిమూలం అనగానే గజమాల జారిపోయింది. ఏడుకొండలవాడి పేరు అనగానే, ఆ పేరు తనదేనని గుర్తొచ్చి, అంత కష్టంలోనూ కాస్త సిగ్గుపడ్డాడు.

కారూ, వ్యానూ, జీపూ అమృతవల్లి ముగ్గు మీదే వచ్చి ఆగాయి. చలపతి లోపలికి పరుగెత్తాడు.

"అమృతా! చైర్మన్ గారు వచ్చినారా?"

"ఇంకా లేదండీ. భయపడకండి, నీళ్ళు సిద్ధం. మెకానిక్ పోసుకుంటున్నాడు."

"ఎవరు పోసుకుంటున్నాడు?" అంటూ వెనకే వచ్చిన మేనేజరు గారు గర్జించారు. అమృతవల్లి ఆయన్ని గుర్తుపట్టక, ఎవరో యాత్రికుడు దారి తప్పి వచ్చాడనుకుంది. "చైర్మన్ గారి స్నానాల గదిలో మెకానిక్కా! ఏయ్, ఎవుడ్రా లోపల? బయటికి రా!" అని తలుపు మీద దబదబా బాదారు.

"సబ్బు రాసుకున్నానయ్యా, కాస్త ఉండు" అంది లోపలి గొంతు.

ఆ గొంతు శఠగోపం గారికి తెలుసు. సంవత్సరానికి ఒకసారి మద్రాసు మీటింగులో మైకులోంచి వచ్చే గొంతు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. తలుపు తెరుచుకుంది. ఆవిరి మేఘంలోంచి, చలపతి పాత లుంగీ చుట్టుకుని, ఎర్రగా, ప్రశాంతంగా చైర్మన్ గారు వెలువడ్డారు. బయట ఎవరో సైగ చేశారేమో, మేళం అందుకుంది.

అమృతవల్లి గోడకు అతుక్కుపోయింది. పీట, చేట, అబ్బాయ్, చిల్లులు, "పైన కూర్చుని సంతకం పెట్టేస్తారు" అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. సూళ్లూరుపేటలో ఒంటిగది కళ్ళ ముందు కనబడింది.

చైర్మన్ గారు మేనేజరు వైపు తేరిపార చూశారు. "ఎవరీయన?"

"నేను సార్... శఠగోపం."

"శఠగోపమా! ఆ జుట్టేదయ్యా?"

"తమరి కోసం సార్..." మేనేజరు గారు తల తడుముకున్నారు. "కొండెక్కింది."

చైర్మన్ గారు మందహాసం చేసి, చలపతి వైపు తిరిగారు. "సూళ్లూరుపేటకు వేసింది ఇతన్నేనా?"

"కాగితం నా సొరుగులోనే ఉండాది సార్. తమరి దయ."

"చింపెయ్యి. ఈ బాయిలరుకు ముగ్గురు కావాలయ్యా. పుల్లకు ఒకరు, చేటకు ఒకరు, బటనుకు ఒకరు. ఇతన్ని పంపించేస్తే బటను ఎవరు నొక్కుతారు? ప్రతిసారీ నేను రాలేను కదా!"

అమృతవల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవీ వేణ్ణీళ్ళే. లోపలికి పరుగెత్తి సేలం తువ్వాలు తెచ్చి రెండు చేతులతో అందించింది. రంగనాయకమ్మ మాత్రం ఏమీ తొణకలేదు. "తల సరిగ్గా తుడుచుకో అబ్బాయ్, కొండ మీద చలి" అంది.

చైర్మన్ గారు కొండకు బయలుదేరారు. ఈసారి జీపు డ్రైవరు అద్దంలో వెనక్కి చూసుకుంటూ నడిపాడు. తిరిగి వెళ్ళాక ఆయన ఆ స్నానం సంగతి డైరెక్టర్లకు చెప్పారు. డైరెక్టర్లు ఇన్‌స్పెక్టర్లకు, ఇన్‌స్పెక్టర్లు బావమరదులకు చెప్పారు. తువ్వాళ్ళు భుజాన వేసుకున్న మనుషులు వారం వారం "గ్యాసు బాయిలరు ఉన్న ఇల్లు ఇదేనా?" అని కాఫీపొడి దుకాణంలో వాకబు చెయ్యడం మొదలుపెట్టారు. ఆదిమూలం వచ్చి పైలట్ చుట్టూ రేకు తొడుగు బిగించి పోయాడు.

ఆ తరవాత ఆ ఇంట్లో పైలట్ ఒక్కసారి కూడా కొండెక్కలేదు. కొండెక్కే వాళ్ళందరూ మాత్రం ముందు ఆ ఇంటికే వచ్చారు.